పుంగనూరు స్టాండులో ఐదు నిమిషాలు

మదనపల్లె నుంచి కుప్పం పోయే మా బస్సు పుంగనూరు స్టాండులో ఐదు నిమిషాలు ఆగుతుంది. జనం దిగాలి, ఎక్కాలి, నేను కంట్రోలరు దగ్గర సంతకం పెట్టించుకోవాలి, కుదిరితే ఒక టీ గొంతులో పోసుకోవాలి. పదకొండేళ్ళుగా ఆ రూటులో కండక్టరుగా తిరుగుతున్నాను. నా పేరు వెంకటేశులు. అయితే ఇది నా కథ కాదు, మా డ్రైవరు మునిచంద్ర కథ. మధ్య మధ్యలో నా సంగతి కూడా చెప్పక తప్పదు. చెప్పడం నాకేమీ సరదా కాదు.

మునిచంద్ర పుంగనూరు పక్క పల్లెలో పుట్టాడు. తండ్రి పోయేనాటికి వాడికి ఎనిమిదేళ్ళు. తల్లి మునెమ్మ కూలికి పోయి పెంచింది. కలుపు తీసింది, టమోటాలు కోసింది, చెనిక్కాయ చెట్లు పీకింది. పెంచింది అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, పనుల్లేని ఎండాకాలం నెలల్లో ఆమె ఏం తిని వాడికి ఏం పెట్టిందో ఆమెకే తెలియాలి. వాడు లారీలో క్లీనరుగా చేరి, లైసెన్సు తెచ్చుకుని, ముప్పై నిండకముందే మా డిపోలో డ్రైవరయ్యాడు. ఆ ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషి వాడే. మొదటిసారి బస్సు తీసుకుని పుంగనూరు వచ్చిన రోజు మునెమ్మ నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, బస్సు చుట్టూ మూడుసార్లు తిరిగి దండం పెట్టింది. దేవుడి రథానికి కూడా అంత భక్తిగా దండం పెట్టి ఉండదు.

వాడు మదనపల్లెలో కాపురం పెట్టాడు. భార్య రాణి, కూతురు మేఘన. తల్లిని రమ్మన్నాడు. ఆమె రాలేదు. పుంగనూరులో తన కూతురు రూప ఇంట్లో ఉంటూ, స్టాండులో ఉడకేసిన చెనిక్కాయలు అమ్ముకునేది. చంకలో గంప, చేతిలో కొలత గిద్ద, పాత నోటుపుస్తకాల కాగితాలు. బస్సు ఆగడం ఆలస్యం, వెనక డోరులో ఎక్కి సీటు సీటుకూ అమ్ముకుంటూ ముందు డోరులో దిగేది. కాగితాన్ని ఒక్క తిప్పు తిప్పిందంటే పొట్లం అయిపోయేది. చిల్లర కోసం నేను తడుముకునే లోపల ఆమె నలుగురికి అమ్మేసేది.

మా బస్సు ఎక్కినప్పుడు మాత్రం ఆమెకు అమ్మకం రెండో పని. నేరుగా ఇంజను పక్కకు వచ్చి, "రేయ్ మునీ, తింటివా?" అని అడిగి, ఒక దోసెడు కాయలు వాడి ముందు పోసేది. బస్సంతా వినేది. మొదట్లో వాడు నవ్వేవాడు. తర్వాత్తర్వాత చెవులు ఎర్రబడేవి. ఒకరోజు నా ఎదురుగానే అన్నాడు, "అమ్మా, బస్సులో నన్ను పేరు పెట్టి పిలవొద్దు. డూటీలో ఉండాను." ఆమె ఏదో పెద్ద రూలు అనుకుంది పాపం. "అట్లనా నాయనా, తెలీకపాయ" అంది. వారం రోజులు గుర్తు పెట్టుకుని, ఎనిమిదో రోజు మళ్ళీ "రేయ్ మునీ" అంది.

తాగుడు ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. ముదిరింది మాత్రం నా కళ్ళ ముందే. పొద్దున డిపోలో తాగారో లేదో చూసే మిషను ఊదించి పంపుతారు కదా, అప్పుడు కడిగిన ముత్యంలా ఉండేవాడు. కుప్పం చేరాక, మధ్యాహ్నం తిరుగు ప్రయాణానికి ముందు, కూల్‌డ్రింకు సీసాలో కలుపుకుని తాగేవాడు. ఆ సీసాలో ఏముందో నాకు తెలుసు. అడిగితే గొడవ, చెబితే వాడి పిల్ల నోట్లో మట్టి. ఇలా మనకు నచ్చిన సాకు వెతుక్కుంటాం. నిజం చెప్పాలంటే, కొత్త డ్రైవరు వస్తే వాడితో మళ్ళీ సర్దుకోవాలి కదా అనే బద్ధకం కూడా ఉంది. యాభై మంది ప్రాణాలు వాడి చేతిలో పెట్టి నేను టికెట్లు కొడుతూ కూర్చున్నాను.

రెండేళ్ళ కిందట, ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, కుప్పం నుంచి తిరిగి వస్తూ పుంగనూరులో ఆగాం. ముందు సీట్లో ఎవరో లెక్చరరు కూర్చుని పలమనేరు నుంచీ మునిచంద్రతో కబుర్లు చెబుతున్నాడు. నేను సంతకం పెట్టించుకుని వచ్చి ముందు డోరు మెట్టు మీద కాలు పెట్టాను. ఇంకా విజిల్ వేయలేదు. బస్సు ఒక్క ఊపున కదిలింది. వెనక డోరు దగ్గర కేక. మునెమ్మ గంపతో సహా కింద పడింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద ఉండగా కదిలించాడు. కాయలు స్టాండంతా చెదిరిపోయాయి. కుడి మణికట్టు ఎముక లోపల విరిగింది. ఆమె "మునీ" అని అరవలేదు. "డ్రైవరప్పా, ఆపప్పా" అని అరిచింది.

ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాం. కట్టు నలభై రోజులు ఉంచమంటే ఆమె పదిహేనో రోజే విప్పేసి వ్యాపారానికి కూర్చుంది. చెయ్యి వంకరగా అతుక్కుంది. వేళ్ళు ఆడతాయి గానీ మణికట్టు తిరగదు. పొట్లం కట్టలేదు.

కట్టు విప్పకముందే డిపోలో విచారణ పెట్టారు. కాగితం నేను రాశాను. "సదరు మునెమ్మ అనునామె బస్సు కదులుచుండగా ఎక్కబోయి తనంతట తానే జారి పడినది. డ్రైవరు తప్పు లేదు. విజిల్ ఇచ్చిన పిదపనే బస్సు కదిలినది." ఆమెకు చదివి వినిపించాను. "ఇట్ల రాస్తే వాని కొలువు నిలబడతాదా?" అని ఒక్కటే అడిగింది. నిలబడుతుందన్నాను. కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎడమచేతి వేలిముద్ర తీసుకున్నాను. వాడి కొలువుతో పాటు నాదీ నిలబడింది. తాగిన డ్రైవరును బండి ఎక్కించిన కండక్టరును ఊరికే వదలరని నాకు తెలుసు. ఆమెకు ఆ ముక్క చెప్పలేదు.

ఆ రోజు నుంచి మునిచంద్ర తాగలేదు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నేను నీతులు చెప్పబోతే, "అన్నా, నువ్వు మాత్రం చెప్పొద్దు" అన్నాడు. నిజమే.

కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. తాగుడు మానాలనుకునేవాళ్ళకు మా వైపు అదొక దారి. నలభై ఒక్క రోజులు ఊరంతా "స్వామీ" అంటుంది కాబట్టి చెయ్యి సీసా మీదకు పోదు. చాలామంది మాల తీసిన సాయంత్రమే బాకీ తీర్చుకున్నట్టు తాగుతారు. అది వేరే సంగతి. ఖాకీ చొక్కా మీద నల్ల కండువా వేసుకుని బస్సు తోలుతూ పుంగనూరు వచ్చాడు. మునెమ్మ అప్పటికి నాలుగు నెలలుగా వాడి ముఖం చూడలేదు. అన్ని బస్సులూ ఎక్కి అమ్ముకునేది, మా బస్సు తప్ప. మేం వస్తే పక్కకు తిరిగి కూర్చునేది.

ఆ రోజు మాత్రం లేచింది. చెప్పులు విడిచింది. కిందికి దిగి నీళ్ళు తాగుతున్న వాడి దగ్గరికి వచ్చి, "స్వామీ" అని వంగి రెండు కాళ్ళూ ముట్టుకుని కళ్ళకు అద్దుకుంది. మాలలో ఉన్నవాడికి కన్నతల్లయినా మొక్కాల్సిందే, వాడు వద్దనకూడదు. ఆచారం అది. మొక్కుతున్నప్పుడు ఆ కుడిచెయ్యి సరిగా చాపుకోలేక వాడి పాదం పక్కన నేలకు తగిలింది. వాడు కట్టెలా నిలబడిపోయాడు. బస్సు పలమనేరు చేరింది. అప్పుడన్నాడు, "అన్నా, దేవునికి మొక్కింది. నాకు కాదు."

శబరిమల నుంచి వచ్చి మాల తీశాక పుంగనూరులో ఆగితే ఆమె మళ్ళీ పక్కకు తిరిగి కూర్చుంది.

వాడు ఆ రోజే తాగుతాడనుకున్నాను. తాగలేదు. ఇంటికి పోయి రాణితో, "అయిదు నెల్లు దాటింది నేను ముట్టక" అని గొప్పగా చెప్పాడంట. రాణి నోరు మంచిది కాదు, మంచి నోరు ఉండాల్సిన అవసరమూ ఆమెకు లేదు. "తాగకుండా ఉండేదానికి తప్పెట్లు కొట్టాల్నా? ఊర్లో తాగనోళ్ళు శానామంది ఉండారు, ఎవురికీ దండలెయ్యలేదు. తాగే టయిము మిగిలింది కదా, ఆ టయింలో ఏం చేస్తాండావో చెప్పు" అంది. ఆ మాట వాడికి ముల్లులా దిగింది. ఆ మాటే వాణ్ణి నిలబెట్టింది కూడా.

అప్పటినుంచి మొదలైంది వాడి పిచ్చి. పిచ్చి అనే అంటాను. రోజుకొక చిన్న మంచిపని. ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఆ రోజు పని లెక్కలోకి రాదు, ఇంకొకటి చెయ్యాలి. మనసు తాగుడు మీదకు పోయిన రోజు రెండు చెయ్యాలి. ఈ రూలు నాకు వాడు చెప్పలేదు. పక్కన ఉండి కనిపెట్టాను.

ఏం పెద్ద పనులు కావు. కుప్పం స్టాండులో ఎండ ఏ పక్క ఉందో చూసి, జనం ఎక్కే డోరు నీడలో ఉండేటట్టు బండి నిలిపేవాడు. వానకు తడిసిన కిటికీ సీట్లు తన తువ్వాలుతోనే తుడిచేవాడు. రోడ్డు మీద బురద నీళ్ళుంటే నడిచిపోయేవాళ్ళ మీద చిమ్మకుండా ఎద్దుల బండిలా తోలేవాడు. వి.కోట దగ్గర పూలు కట్టే ఒక ముసలమ్మకు సూదిలో దారం ఎక్కించి ఇచ్చేవాడు. ఆమెకు చూపు ఆనదు, రోజూ మా బస్సు కోసం దారం చేతిలో పట్టుకుని ఎదురుచూసేది. బడిపిల్లలు పరిగెత్తుకుని వస్తుంటే అద్దంలో చూసి ఆపేవాడు. పాత మునిచంద్ర అయితే ఆక్సిలరేటరు ఇంకా తొక్కేవాడు.

ఊళ్ళో పేరొచ్చింది. "ఆ డ్రైవరు దేవుడప్పా" అనేవాళ్ళు. జనం వాడికి దండం పెడితే వాడి ముఖం మాడిపోయేది. నాకేమో ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆలస్యమైతే కంట్రోలరు తిట్టేది నన్ను, జనం అరిచేది నా మీద. "రేయ్, నీ పుణ్యం బరువుకు బస్సు డీజిలు ఎక్కువ తాగుతా ఉండాది" అనేవాణ్ణి. నవ్వేవాడు కాదు.

అన్నీ చేసేవాడు గానీ పుంగనూరు స్టాండులో మాత్రం వాడికి చేతులాడేవి కావు. ముందు డోరు తెరిచి, తల్లి వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆమె అటు తిరిగి కూర్చునేది. నేను విజిల్ వేసేవాణ్ణి. వాడు డోరు మూసేవాడు. రోజూ ఇదే తంతు. ఆమె ఒక్కసారి మా బస్సెక్కితే చాలు వాడికి. ఆ ఒక్క సంగతి కోసమే వాడు బతుకుతున్నట్టు ఉండేది. ఆమె ఎక్కలేదు.

పోయిన మాఘమాసంలో ఒకరోజు కుప్పం పోతూ ఇరవై నిమిషాలు ఆలస్యం చేశాడు. కారణం ఏమంటే, ఒక తాత చెప్పు కాలవలో పడితే దిగి కట్టెతో వెతికి తీశాడు. ఆస్పత్రికి పోవాల్సిన వాళ్ళు, పెళ్ళిచూపులకు పోవాల్సిన వాళ్ళు అందరూ కలిసి నా వంశాన్ని ఎత్తి తిట్టారు. కుప్పంలో భోజనానికి కూర్చున్నాం. నా కడుపులో ఆకలి కంటే కోపం ఎక్కువగా ఉంది. నాకు కోపమొస్తే నోటికి బ్రేకు ఉండదు.

"ఊరి చెప్పులన్నీ వెతికిస్తివి. మీయమ్మకు ఏం చేస్తివిరా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత! తాగినప్పుడు చేసిన దానికి ఒక్కసారి కాళ్ళ మీద పడి 'తప్పయిపాయ, తాగి ఉంటి' అంటే ఆ ముసల్ది కరగదా? ఆ మాట చెప్పేదానికి నోరు రాదు. తాతల చెప్పులు మాత్రం తీస్తావు" అన్నాను.

మునిచంద్ర ముద్ద కింద పెట్టేశాడు.

"ఎంగటేశన్నా, తాగి ఉంటి అనేది నిజమే. తాగినందువల్ల కదిలించలేదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఆ పొద్దు ముందర సీట్లో కూసున్న లెక్చరరు, శివకుమారని, నాతోపాటు ఐస్కూల్లో సదివినోడు. శానా ఏండ్లకు కనపడినాడు. పలమనేరు కాణ్నించి మాట్లాడతానే ఉండాడు. మీయమ్మ ఏం చేస్తాండాది అని అడిగినాడు. ఇంట్లోనే ఉండాది, రెస్టు తీసుకుంటాండాది అని చెప్తి. అంతలో పుంగనూరొచ్చె. వాడు దిగకుండా అట్లే కూసోనుండాడు. ఎనక డోరు కాడ అమ్మ గొంతు వినిపించె. లోపలికొస్తే నేరుగా నా కాడికొచ్చి 'రేయ్ మునీ' అంటాది. అద్దంలో సూస్తి. ఆమె మెట్టు మీద కాలు పెడతా ఉండాది. నన్నే సూస్తాండాది. గేరేస్తి."

నేను గ్లాసు కింద పెట్టాను.

"తాగినోడు తెలీక చేసినాడని మా ఇంట్లో అనుకునిరి. నువ్వూ అనుకుంటివి. నాకు ఆ మాట సుకంగా ఉండె. తాగుడు మానితే ఆ తప్పు గూడా మాసిపోతాది కదా అనుకుంటి. మానినాను. అది పోలేదన్నా. ఒక్క సుక్క ముట్టకుండా ఉండే ఈ పొద్దు గూడా నాకు తెలుసు, కదిలించింది మందు కాదు. నేనే. అమ్మకూ తెలుసు. అద్దంలో నేను ఆమెను సూస్తే ఆమె నన్ను సూడకుండా ఉంటాదా? అందుకే పేరు పెట్టి పిలవలేదు. డ్రైవరప్పా అనింది."

వాడి కళ్ళల్లో నీళ్ళు లేవు. ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. నేను ఓదార్చాలి. ఏమని ఓదార్చాలి? వాడు అమ్మను చూసి సిగ్గుపడితే, నేను ఆమె చేత అబద్ధం మీద వేలిముద్ర వేయించాను. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకుంటూ లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయాను.

మరుసటి రోజు పుంగనూరులో వాడు ఇంజను ఆపేశాడు. ఐదు నిమిషాల స్టాపుకు ఎవరూ ఇంజను ఆపరు. దిగి పోయి, తల్లి ముందు నేల మీద ఖాకీ ప్యాంటుతోనే కూర్చున్నాడు. నేను డోరు దగ్గర నిలబడ్డాను, మాటలు వినిపిస్తున్నాయి.

"అమ్మా, ఆ పొద్దు నిన్ను సూసే కదిలించినా. మందు మత్తు కాదు. నువ్వు నా అమ్మని తెలిస్తే సిన్నతనమని."

మునెమ్మ గంపలో కాయలు సర్దుతూనే ఉంది. "తెలుసు" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు దెబ్బలు వేసినా బాగుండేది. వాడికి ఏం చెయ్యాలో తెలియక, పక్కనున్న కాగితం తీసుకుని పొట్లం కట్టడం మొదలుపెట్టాడు. చేతకాలేదు. కింద నుంచి కాయలు జారిపోయాయి. ఆమె వద్దనలేదు, నేర్పించనూ లేదు.

ఆ రోజు నుంచి రోజూ ఆ ఐదు నిమిషాలూ అదే పని. దిగడం, ఆమె పక్కన కూర్చోవడం, సాయంత్రం దాకా సరిపడా పొట్లాలు చుట్టి పెట్టడం. నెల తిరిగేసరికి చెయ్యి తిరిగింది. పొట్లాలు గట్టిగా వచ్చాయి. ఊరిలో మిగతా మంచిపనులు వాడు మానలేదు గానీ, వాటి గురించి ఆత్రం తగ్గింది. ఆమె మాత్రం వాడితో ఒక్క మాట మాట్లాడలేదు. మా బస్సు ఎక్కలేదు. నేను టీ మానేసి, డోరుకు ఆనుకుని వాళ్ళిద్దరినీ చూస్తూ నిలబడేవాణ్ణి. ఎన్నోసార్లు దిగిపోయి ఆమెకు నా సంగతి చెప్పాలనుకున్నాను. ఐదు నిమిషాలు దానికి చాలవని నాకు నేను చెప్పుకున్నాను.

మొన్న చైత్రంలో, పెళ్ళిళ్ళ రోజుల్లో, బస్సు కిటకిటలాడుతోంది. కొత్త చీర కట్టుకున్న ఒకామె కాయలు కొనడానికి దిగింది. యూనిఫాం వేసుకున్న మనిషి నేల మీద కూర్చుని పొట్లాలు కడుతుంటే ఆమెకు వింతగా ఉంది.

"ఏమవ్వా, ఈయప్ప ఎవురు? డ్రైవరు మాదిరి ఉండాడే?" అని అడిగింది.

మునెమ్మ తల ఎత్తలేదు. "ఎవురోమ్మా. మంచోడు. దినామూ వచ్చి సాయం చేసి పోతాడు" అంది.

మునిచంద్ర చేతులు ఆగిపోయాయి. వాడికి ఆ మాట దెబ్బలా తగిలింది. మొదట అది కోపమనుకున్నా, ఆమె ముఖం చూశాక తెలిసింది, కోపం కాదు. ఆమె వాణ్ణి దాస్తోంది. ఉద్యోగస్తుడైన కొడుకు చెనిక్కాయలమ్మే దాని కడుపున పుట్టాడని పెళ్ళికి పోయే పెద్దింటి వాళ్ళకు తెలియకూడదని దాస్తోంది. వాడు కోరుకున్నది అదే కదా అప్పట్లో. రెండేళ్ళుగా ఆమె మా బస్సు ఎక్కకపోవడం కూడా అందుకేనేమో. అలిగిందని మేమిద్దరం అనుకున్నాం.

వాడు లేచి నిలబడ్డాడు.

"నేను ఈమె కొడుకునమ్మా" అన్నాడు. గొంతు స్టాండంతా వినిపించేట్టు ఉంది. "పేరు మునిచంద్ర. ఈమె పేరు మునెమ్మ. కూలి చేసి నన్ను సాకింది. రెండేండ్ల కింద ఈడనే, ఈ బస్సే, అమ్మ మెట్టు మీద ఉండాదని సూసి గూడా కదిలించినా. ఆ చెయ్యి ఇరిగింది నా వల్ల. డూటీలో తాగి గూడా ఉంటి. ఆయమ్మే జారి పడిందని రాసిందంతా అబద్దం."

బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. కంట్రోలరు తన గదిలోంచి తొంగి చూశాడు. మునెమ్మ గంప తోసేసి లేచింది. వాడి చొక్కా ఎడమచేత్తో పట్టుకుని ఊపేసింది.

"రేయ్ మునీ! నోరు మూస్తావా లేదా? కొలువు పోతాదిరా! పిల్ల సదువుకుంటాండాది, ఇంట్లో ఏం తింటారురా!"

రెండేళ్ళ తర్వాత పేరు పెట్టి పిలిచింది. వాడు అది విని పసివాడిలా ఏడ్చాడు, ఇంకేమీ వినిపించుకోలేదు. ఆమెకు వాడి ఏడుపు పట్టలేదు. కంట్రోలరు వైపు చూసింది, జనం వైపు చూసింది, చివరికి నా వైపు తిరిగింది.

"ఎంగటేశులూ, నువ్వన్నా చెప్పప్పా వీళ్ళకు! నేనే కదా జారి పడింది? కాయితం రాసింది నువ్వే కదా? వీడు ఏందో మతి సెడి మాట్లాడతాండాడు."

అందరూ నన్ను చూశారు. మునిచంద్ర కూడా కళ్ళు తుడుచుకుని చూశాడు. వాడు చెప్పాల్సింది చెప్పేశాడు, ఇప్పుడు నా వంతు. ఏడాదికి పైగా వాణ్ణి పిచ్చివాడని ఎగతాళి చేసినవాణ్ణి, ఒక్క నిజం చెబితే వాడి పక్కన నిలబడగలిగేవాణ్ణి. నాకు రిటైరు కావడానికి పద్నాలుగు నెలలు ఉన్నాయి.

"అవునమ్మా. నువ్వే జారి పడినావు" అన్నాను.

ఆమె ఆ మాట కొడుకు కోసం అడిగింది. నేను నా పింఛను కోసం చెప్పాను. అది ఆ తల్లికి తెలియదు. "సల్లగా ఉండప్పా" అని అందరి ముందు నన్ను దీవించింది. మునిచంద్ర ముఖం చూడలేక, చేతిలోని టికెట్ల మిషను చూసుకుంటూ బస్సెక్కి విజిల్ వేశాను.